సంస్కృతం ఎవరి భాష? ఓరుగల్లు చుట్టుపక్కల రాళ్లు చెప్పేది

2025 ఏప్రిల్‌లో ఒక వార్త వచ్చింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సంస్కృతాన్ని రెండో భాషగా పెట్టడానికి వీలుంటుందా అని తెలంగాణ ఇంటర్ బోర్డు ఆరా తీస్తోందని. తెలుగు అధ్యాపకులు, భాషాభిమానులు అభ్యంతరం చెప్పారు. మొదట్లో గొడవంతా మార్కుల గురించి, తెలుగు చదివే పిల్లలు తగ్గిపోతారన్న భయం గురించి. ప్రైవేటు కాలేజీల్లో సంస్కృతం ‘మార్కుల సబ్జెక్టు’ అన్న సంగతి హనుమకొండ నయీంనగర్‌లో అడ్మిషన్ల కోసం తిరిగిన తల్లిదండ్రులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ కాసేపటికే మాట మార్కులు దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. ఒకరు ‘అది బయటినుంచి వచ్చినవాళ్ల భాష’ అన్నారు. ఇంకొకరు ‘అన్ని భాషలకూ తల్లి’ అన్నారు. ‘హిందువుల భాష’ అని ఒకవైపు, ‘ఏ మతానికీ చెందని శాస్త్ర భాష’ అని మరోవైపు. మధ్యలో ‘చచ్చిపోయిన భాష గురించి ఇంత లొల్లి ఎందుకు’ అన్నవాళ్లూ ఉన్నారు.

ఇవన్నీ ఒకే ప్రశ్నకు వేరువేరు జవాబుల్లా వినిపిస్తాయి. నిజానికి వీటి వెనుక ఉన్న ప్రశ్నలే వేరు. భాష ఎక్కడినుంచి వచ్చిందనేది భాషాచరిత్ర తేల్చాల్సిన విషయం. ఎవరెవరు వాడారన్నది శాసనాలు, రాతప్రతులు చెబుతాయి. ఎవరికి పవిత్రం అన్నది నమ్మేవాళ్లను అడగాలి. ఇప్పుడు ప్రభుత్వం ఏం చేయాలన్నది రాజకీయం. ఒక ప్రశ్నకు రావాల్సిన సాక్ష్యాన్ని తెచ్చి ఇంకో ప్రశ్నకు అతికిస్తేనే చిక్కంతా.

ముందు పేర్లు విడదీసుకుందాం

సంస్కృతం అనే ఒక్క పేరు కింద కనీసం రెండు భాషారూపాలున్నాయి. వేద మంత్రాల్లో ఉన్నది పాతది. ఋగ్వేదానికి ఎక్కువమంది పండితులు ఇచ్చే కాలం సుమారు క్రీ.పూ. 1500 నుంచి 1000 మధ్య. శతాబ్దాల తరబడి అది నోటితోనే నడిచింది. ఆ తర్వాత వాయవ్యాన, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న శలాతురానికి చెందిన పాణిని సుమారు నాలుగు వేల సూత్రాల్లో వ్యాకరణం రాశాడు. వేదాల భాషను ఆయన ‘ఛందస్సు’ అన్నాడు, తన కాలపు వాడుకను ‘భాష’ అన్నాడు. కావ్యాలు, శాస్త్రాలు, రాజశాసనాలు నడిచింది ఈ రెండో దాంట్లో. దీన్నే లౌకిక సంస్కృతం అంటారు.

పక్కనే ప్రాకృతాలున్నాయి. సంస్కృతానికి దగ్గరి చుట్టాలైన జన వాడుక భాషలవి. బౌద్ధుల పాలి, జైనుల అర్ధమాగధి ఈ కుటుంబంలోవే. తెలుగు ఈ కుటుంబంలోది కాదు. ఇది 1816లోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసులో చూపించిన విషయం, 1856లో కాల్డ్వెల్ దాన్ని విస్తరించాడు. అయినా ‘తెలుగు సంస్కృతంనుంచి పుట్టింది’ అనేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు.

తల్లి అనే వాదం ఎక్కడ తేలిపోతుంది

మూడు అనే అంకెను తీసుకోండి. కన్నడంలో మూరు. ఆదిలాబాద్ గోండులు ముండ్ అంటారు. సంస్కృతంలో త్రయః, లాటిన్‌లో త్రేస్, రష్యన్‌లో త్రి. రెండు గుంపులు కళ్లముందే విడిపోతాయి. అగ్ని, విద్య, కార్యం లాంటి తత్సమాలు తెలుగులో వేలకొద్దీ ఉన్నా కన్ను, చెవి, నీరు, నేను, వచ్చాడు లాంటివి వేరే మూలానివి. మాటలు అప్పు తెచ్చుకోవడం వేరు, పుట్టుక వేరు. అప్పు మాత్రం పెద్దదే. మన అక్షరమాలలో క-చ-ట-త-ప వరుస, ఖ-ఘ-ఛ-ఝ లాంటి అక్షరాలు సంస్కృత ఉచ్చారణ శాస్త్రం ఇచ్చినవే.

సరే, తెలుగు సంగతి అలా ఉంచి, గ్రీకు, లాటిన్లకైనా సంస్కృతం తల్లి అవుతుందా? 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగాన్ని దీనికి రుజువుగా చూపిస్తారు. ఆయన అన్నది మాత్రం ఈ మూడూ ఏదో ఒకే మూలంనుంచి వచ్చి ఉండాలని, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదని. అంటే అక్కాచెల్లెళ్లని. కారణం ధ్వనుల్లో ఉంది. పదిని లాటిన్ డెకెమ్ అంటుంది, గ్రీకు డెకా అంటుంది, సంస్కృతం దశ అంటుంది. నూరు లాటిన్‌లో కెంతుమ్, గ్రీకులో హెకతోన్, సంస్కృతంలో శతం. అక్కడ క ఉన్నచోట ఇక్కడ శ, అక్కడ ఎ ఉన్నచోట ఇక్కడ అ. ఎ, ఒ, అ అనే మూడు అచ్చులు సంస్కృతంలో కలిసిపోయి అ అయ్యాయి. తల్లిలో ఒక్కటే అ ఉంటే, ఎక్కడ ఎ పలకాలో ఎక్కడ ఒ పలకాలో దూరదూరంగా ఉన్న గ్రీకుకూ లాటిన్‌కూ ఒకేలా ఎలా తెలిసింది? కాబట్టి ఆ తేడా మూలంలోనే ఉండి ఉండాలి. సంస్కృతం ఎంత పాతదైనా ఆ మూలం కంటే చిన్నదే.

వాట్సాప్‌లో తిరిగే ‘కంప్యూటర్లకు సంస్కృతమే ఉత్తమమని నాసా తేల్చింది’ అన్న మాటకు వెనుక ఉన్నది 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు రాసిన ఒక వ్యాసం. సంస్కృత వ్యాకరణకారులు వాక్యార్థాన్ని విడదీసే పద్ధతి కృత్రిమ మేధకు పనికొస్తుందని ఆయన వాదించాడు. ఆసక్తికరమైన వాదమే. నాసా తీర్మానం మాత్రం కాదు.

బయటినుంచి వచ్చిందా?

ఇది రాజకీయంగా అన్నిటికంటే వేడెక్కే ప్రశ్న. ఎక్కువమంది భాషా, జన్యు శాస్త్రవేత్తల అంచనా ఇది: క్రీ.పూ. 2000 తర్వాత మధ్య ఆసియా గడ్డిమైదానాల వైపునుంచి కొన్ని గుంపులు విడతలవారీగా వచ్చాయి, సంస్కృతానికి పూర్వరూపమైన భాష వాళ్లతో వచ్చింది, ఇక్కడి జనంతో కలిసిపోయింది. గుర్రాలెక్కి వచ్చి మొహెంజొదారోను ఊచకోత కోశారన్న పాత ‘దండయాత్ర’ కథను ఇప్పుడు పరిశోధకులు పక్కన పెట్టేశారు. ఎదుటి పక్షం ఏమంటుందంటే, ఋగ్వేదంలో పరాయి స్వదేశం జ్ఞాపకమే లేదు, సరస్వతి నది వర్ణన పాత కాలానికి సరిపోతుంది, తవ్వకాల్లో సంస్కృతి తెగిపోయినట్టు కనబడదు.

ఒకే సాక్ష్యాన్ని రెండు వైపులా ఎలా లాగుతారో 2019లో చూశాం. హర్యానాలోని రాఖీగఢీలో సింధు నాగరికత కాలపు ఒక స్త్రీ అస్థికల జన్యువులు చదివారు. వాటిలో గడ్డిమైదానాల వారసత్వం లేదు. ‘చూశారా, ఆర్యుల రాక అబద్ధం’ అన్నారు కొందరు. కానీ ఆ వారసత్వం ఇప్పటి భారతీయుల్లో చాలామందిలో ఉంది. అప్పుడు లేనిది ఇప్పుడు ఉందంటే మధ్యలో వచ్చిందనే కదా అర్థం! అదే సంవత్సరం వచ్చిన మరో పెద్ద అధ్యయనం అదే చెప్పింది. నా దృష్టిలో సాక్ష్యం వలస వైపే గట్టిగా మొగ్గుతోంది. అయితే జన్యువులు మాట్లాడవు. ఏ ఎముక ఏ భాష మాట్లాడిందో నేరుగా చెప్పలేం. సింధు లిపిని ఇంతవరకు ఎవరూ ఒప్పించేలా చదవలేదు.

మరో సాక్ష్యం ఇంకా దూరంనుంచి వస్తుంది. ఇప్పటి టర్కీలోని బొగజ్‌కోయ్‌లో దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు మట్టిపలకల్లో, సిరియా ప్రాంతాన్ని ఏలిన మితాన్ని రాజుల ఒప్పందం ఒకటుంది. సాక్షులుగా ఋగ్వేద దేవతలైన మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లున్నాయి. గుర్రాల శిక్షణ గురించిన మరో పలకలో ‘ఐక’ అంటే ఒకటి, ‘పంజ’ అంటే ఐదు. భారతదేశంనుంచి వెళ్లారని ఒక పక్షం, దారిలో విడిపోయిన గుంపని ఇంకో పక్షం అంటాయి. రెండోదాన్నే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇంత చెప్పినా, పూర్వరూపం బయటినుంచి వచ్చిందనడానికీ సంస్కృతం ‘బయటి భాష’ అనడానికీ చాలా దూరముంది. దాని వ్యాకరణం, కావ్యాలు, తర్కం ఇక్కడే తయారయ్యాయి. ఇరాన్ వైపున్న దాని అక్క అవెస్తా భాషలో లేని ట, డ, ణ ధ్వనులు ఋగ్వేదంలోనే ఉన్నాయి. ద్రావిడ భాషల సావాసం వల్ల వచ్చాయని కొందరు, వాటంతటవే పుట్టాయని కొందరు. మూడు వేల ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్న భాషకు ఇంకా ఎన్నాళ్లు పరాయి ముద్ర వేస్తారు?

ఎవరు వాడారు: కోటిలింగాలనుంచి వేయి స్తంభాల గుడి దాకా

ఇక్కడ మనకు దేశంలో చాలామందికి లేని సౌకర్యం ఉంది. పుస్తకాలు వెతకక్కర్లేదు, పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో తిరిగితే చాలు.

జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు, వాళ్లకంటే ముందు ఏలిన స్థానిక రాజుల నాణేలు దొరికాయి. వాటిమీద ఉన్నది ప్రాకృతం. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధ స్తూపం పలకల మీద కూడా బ్రాహ్మీ లిపిలో ప్రాకృతమే. అంతకు ముందు అశోకుడు క్రీ.పూ. 3వ శతాబ్దంలో దేశమంతా శాసనాలు చెక్కించాడు. ప్రాకృతం, గ్రీకు, అరమాయిక్ ఉన్నాయి, సంస్కృతంలో ఒక్కటీ లేదు.

ప్రాకృతం వాడారంటే శాతవాహనులు వేదాలకు దూరమని అనుకోవద్దు. మహారాష్ట్రలోని నాణేఘాట్‌లో రాణి నాగనిక వేయించిన శాసనం అశ్వమేధం, రాజసూయం లాంటి వైదిక యజ్ఞాల జాబితా ఇస్తుంది. ఆ శాసనం ప్రాకృతంలో ఉంది. మరి పొడవైన మొదటి రాజశాసనం సంస్కృతంలో వేయించింది ఎవరు? సుమారు క్రీ.శ. 150లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో రుద్రదాముడు. మధ్య ఆసియానుంచి వచ్చిన శకుల వంశస్థుడు. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని ఆ శాసనంలోనే చెప్పుకున్నాడు. యజ్ఞాలు చేసిన స్వదేశీ రాజుది ప్రాకృతం, పరదేశీ మూలాలున్న రాజుది సంస్కృతం. ‘సంస్కృతం సమానం వైదికం’ అనే లెక్క గానీ, ‘సంస్కృతం సమానం స్వదేశీ’ అనే లెక్క గానీ ఈ రెండు రాళ్ల ముందు నిలబడదు.

ఇప్పుడు కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టకు రండి. సుమారు క్రీ.శ. 945లో జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. పైన జైన తీర్థంకరుల, చక్రేశ్వరి బొమ్మలు, కింద మూడు భాషల రాత: సంస్కృతం, కన్నడం, తెలుగు. మన కంద పద్యాల్లో తొలినాటివి ఇక్కడే దొరికాయి కాబట్టి, తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు ఈ గుట్ట పేరు బాగా వినబడింది. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. శ్రీవత్స గోత్రపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి జైనం పుచ్చుకున్న ఇల్లు వాళ్లది. అదే కాలంలో వేములవాడ చాళుక్యుల ప్రాపకంలో ఉన్న జైన సన్యాసి సోమదేవసూరి 959లో ‘యశస్తిలకం’ పూర్తిచేశాడు, సంస్కృతంలో. జైన ధర్మాన్ని చెప్పే కావ్యం అది, వైదిక యజ్ఞబలిని విమర్శిస్తుంది కూడా.

వరంగల్‌కు వస్తే వేయి స్తంభాల గుడి. 1163 నాటి రుద్రదేవుడి శాసనం సంస్కృతంలో ఉంది. కాకతీయుల స్వతంత్రాన్ని చాటిన రాత అది. లిపి మాత్రం తెలుగు-కన్నడ లిపి, నాగరి కాదు. సంస్కృతానికి సొంత లిపి అంటూ లేదు. ఏ ప్రాంతంలో ఆ ప్రాంతపు లిపిలోనే రాశారు. దేవనాగరే దాని లిపి అన్న అభిప్రాయం అచ్చు యంత్రాలు వచ్చాక బలపడింది. పాలంపేటలో రామప్ప గుడి దగ్గరి 1213 నాటి శాసనమూ సంస్కృతమే.

బౌద్ధులు ఇంకో దారిలో వచ్చారు. బుద్ధ వచనాన్ని ఛందస్సులోకి మారుస్తామని బ్రాహ్మణ కుటుంబాలనుంచి వచ్చిన ఇద్దరు భిక్షువులు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదని వినయపిటకం చెబుతుంది. అలాంటిది క్రీస్తు శకం మొదటి శతాబ్దాలకల్లా అశ్వఘోషుడి కావ్యం, నాగార్జునుడి తర్కం, మహాయాన సూత్రాలు సంస్కృతంలోకి వచ్చేశాయి. మన పెద్దలు బడిలో బట్టీపట్టిన అమరకోశం రాసిన అమరసింహుడు బౌద్ధుడనే ఎక్కువమంది నమ్మకం.

ముస్లింల సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. గజనీ మహమూద్ పేరు వినగానే సోమనాథ్ గుర్తొస్తుంది కదా. ఆయన 1027-28లో లాహోర్ టంకశాలలో వేయించిన వెండి నాణెం మీద ఒకవైపు అరబ్బీ, ఇంకోవైపు సంస్కృతం. ముస్లింల విశ్వాస వాక్యమైన కలిమాను ‘అవ్యక్తమేకం, మహమ్మద అవతార’ అని తర్జుమా చేశారు. 1264లో అదే సోమనాథ్ దగ్గర హోర్ముజ్‌నుంచి వచ్చిన నూరుద్దీన్ ఫిరోజ్ అనే నౌకా వ్యాపారి మసీదు కట్టించి సంస్కృత శాసనం వేయించాడు. అందులో అల్లాను విశ్వనాథుడని సంబోధించారు.

అమెరికా పండితుడు షెల్డన్ పొలాక్ వాదన ఈ పునాది మీదే నిలుస్తుంది. క్రీస్తు శకారంభంలో సంస్కృతం యజ్ఞశాల దాటి రాజసభల, కావ్యాల భాషగా మారి అఫ్గానిస్తాన్‌నుంచి జావా దాకా వ్యాపించిందని, అది ఏ ఒక్క మతం నడిపిన వ్యాప్తి కాదని ఆయన అంటాడు. యోహానెస్ బ్రోంక్‌హార్స్ట్ లాంటి పండితులు ఒప్పుకోరు. రాజసభల్లో బ్రాహ్మణుల పలుకుబడి పెరగడం వల్లే సంస్కృతం పెరిగిందని, బౌద్ధులు కూడా ఆ సభల్లో నెగ్గుకురావడానికే దాన్ని అందుకున్నారని వాళ్ల వాదన.

మంత్రాన్ని అనువదిస్తే మంత్రం మిగులుతుందా?

అంతా విన్నాక ‘చూశారా, సంస్కృతానికి మతమే లేదు’ అనేయడం తొందరపాటు. భద్రకాళి గుడిలో అర్చకుడు పలికే శ్రీసూక్తం అక్కడున్న భక్తులకు సమాచారం కాదు. దాని శబ్దమే ముఖ్యం. వేదం అపౌరుషేయం (మనుషులు రాసింది కాదు), శబ్దం నిత్యం అని, వేదవాక్యాలను విచారించే మీమాంసకులు వాదించింది ఇదే. తెలుగులో అర్థం చెప్పినంత మాత్రాన అది మంత్రం కాదు. రాజీవ్ మల్హోత్రా లాంటి రచయితలు పొలాక్‌ను విమర్శించేది ఇక్కడే: పవిత్రతను తీసేసి సంస్కృతాన్ని రాజకీయ సాధనంగా చూస్తే దాని ప్రాణం పోతుందని. ఇప్పటి లెక్కలో చూస్తే, సంస్కృతాన్ని పూజలో రోజూ వాడే అతి పెద్ద సమాజం హిందువులదే. దాన్ని ఎవరూ కాదనలేరు.

కాబట్టి ‘సంస్కృతం హిందూ మత భాష’ అన్న వాక్యాన్ని కొద్దిగా మార్చితే గొడవ సగం తగ్గుతుంది. ‘హిందూ పూజావిధుల్లో సంస్కృతం పవిత్ర భాష, బౌద్ధులు, జైనులు తమ శాస్త్రాలకు, వేరువేరు మతాల రాజులు తమ శాసనాలకు దాన్ని వాడారు’ అంటే తప్పు పట్టడం కష్టం. వాక్యం కాస్త పొడవైంది, నిజమే.

ఈ రెండు అర్థాలూ ఢీకొట్టుకున్న సంఘటన 2019లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జరిగింది. సంస్కృత విద్యా ధర్మ విజ్ఞాన విభాగంలో ఒక ముస్లిం అధ్యాపకుడిని నియమిస్తే విద్యార్థులు ధర్నాకు దిగారు. భాష చెప్పడానికి అభ్యంతరం లేదని, ఇక్కడ చెప్పేది ధర్మం, కర్మకాండ కాబట్టి అభ్యంతరమని వాళ్ల మాట. అర్హత పరీక్షలో నెగ్గి వచ్చినవాడిని మతం చూసి ఆపడం రాజ్యాంగ విరుద్ధమని ఎదుటివాళ్ల మాట. చివరికి ఆయన ఆర్ట్స్ విభాగంలోని సంస్కృత శాఖకు మారారు.

తలుపు ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు

దళిత బహుజన ఆలోచనాపరులు అడిగేది వేరే ప్రశ్న. ఈ భాషను ఎవరు నేర్చుకోనిచ్చారు? ధర్మశాస్త్రాలు శూద్రులకు వేదాధ్యయనం నిషేధించాయి. నాటకాల్లో కూడా రాజు, బ్రాహ్మణుడు సంస్కృతం మాట్లాడితే స్త్రీలు, సేవకులు సాధారణంగా ప్రాకృతం మాట్లాడతారు. ఇది పాత కాలం ముచ్చటే కాదు. అంబేడ్కర్ బడిలో సంస్కృతం చదవాలనుకుంటే అంటరానివాడని చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన సొంతంగా నేర్చుకున్నాడు.

మన దగ్గర ఈ కథకు ఒక మెలిక ఉంది. కాకతీయులు కొన్ని శాసనాల్లో తాము నాలుగో వర్ణం వాళ్లమని దాపరికం లేకుండా చెప్పుకున్నారు. అదే వంశం సంస్కృతంలో ప్రశస్తులు రాయించుకుంది. అధికారం ఉంటే కావ్య సంస్కృతం అందుతుంది, వేదం తలుపు మాత్రం వేరు. పాలకుర్తి సోమనాథుడు శివభక్తుల కథలను సామాన్యుల కోసం ద్విపదలో, జాను తెనుగులో చెప్పాడు. అదే సోమనాథుడు పండితులతో వాదించాల్సి వచ్చినప్పుడు సంస్కృతంలో భాష్యం రాశాడు. ఆయన్ని సంస్కృత వ్యతిరేకి అని గానీ, సంస్కృత పక్షపాతి అని గానీ ఒక్క మాటలో తేల్చలేం.

చచ్చిపోయిందా?

2011 జనగణనలో సంస్కృతం మాతృభాష అని రాయించినవారు 24,821 మంది. ఇంట్లో పిల్లలు పుట్టుకతో నేర్చుకునే భాషే బతికున్నట్టు అని లెక్క వేస్తే జవాబు తేలికే. కానీ పాణిని తర్వాత కావ్యాలు, శాస్త్రాలు రాసినవారిలో చాలామందికి కూడా అది గురువు దగ్గర నేర్చుకున్న భాషే. వాళ్ల చేతుల్లోనే అది వెయ్యేళ్లకు పైగా పెరిగింది.

రాజ్యాంగం, కోర్టు, భూమి కాగితాలు

రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబరులో సంస్కృతాన్నే అధికార భాష చేయాలని లక్ష్మీకాంత మైత్ర సవరణ తెచ్చారు. బెంగాల్‌నుంచి వచ్చిన ముస్లిం సభ్యుడు నజీరుద్దీన్ అహ్మద్ దాన్ని సమర్థించారు. ఎవరి మాతృభాషా కాదు కాబట్టి అందరికీ సమాన కష్టమన్నది ఆ వాదం. సవరణ నెగ్గలేదు. సంస్కృతం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 351వ అధికరణం, హిందీ తన పదసంపదను ముఖ్యంగా సంస్కృతంనుంచి తీసుకోవాలంది.

లౌకిక రాజ్యం సంస్కృతం నేర్పవచ్చా అన్న ప్రశ్నను 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్టోబరు 4న ఇచ్చిన తీర్పు, సీబీఎస్‌ఈ పాఠ్యక్రమంలో సంస్కృతాన్ని ఐచ్ఛికంగా పెట్టడం లౌకికత్వానికి విరుద్ధం కాదంది. భారతీయ సంస్కృతిని అర్థం చేసుకోవడానికి అది అవసరమన్నది కోర్టు చూపిన కారణం. అరబ్బీ, పర్షియన్లకు అదే అవకాశం ఇవ్వకపోయినా వివక్ష కాదని కూడా చెప్పింది.

తీర్పు మొదటి భాగాన్ని కాదనేవాళ్లు తక్కువ. రెండో భాగం దగ్గరే విమర్శ. సంస్కృతిని అర్థం చేసుకోవడమే కొలమానమైతే, ఆ సంస్కృతి ఎంతవరకు అన్నది ఎవరు గీస్తారు? తెలంగాణలో భూమి తగాదా వచ్చి తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కిన రైతు పహాణీ, జమాబందీ, ఫసలీ లాంటి మాటల మధ్యే తిరుగుతాడు. ఇవన్నీ పర్షియన్, అరబ్బీల దారిన వచ్చినవి. నిజాం కాలపు పాత దస్తావేజు చదివించుకోవాలంటే ఆ లిపి తెలిసిన మనిషి కోసం ఇవాళ ఊరూరా వెతకాల్సి వస్తోంది. 2024 అక్టోబరులో కేంద్రం పాలి, ప్రాకృతాలకు కూడా ప్రాచీన భాష హోదా ఇచ్చింది. సంస్కృతానికి ఆ హోదా 2005లోనే వచ్చింది. పర్షియన్‌కు రాలేదు, అది భారతీయ భాష కాదని ఒక వర్గం, ఆరేడు వందల ఏళ్లు ఇక్కడి దస్తావేజులు మోసిన భాషను అలా ఎలా అంటారని మరో వర్గం.